కొండ చుట్టూ హద్దు

హద్దు గుడిసె, క్వారీ
మార్చి 12, గురువారం. తెల్లవారినప్పటి నుంచి సన్న వాన. హద్దు కొయ్యలు ఏడు మార్చాను, చినిగిన ఎర్ర జెండాలు నాలుగు కుట్టాను.

చెల్లెమ్మకు,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. ఆదివారం పిల్లలకు సీనాయి కొండ పాఠం చెప్పాలి, నాలుగు ముక్కలు రాసి పంపమన్నావు. టపా లారీ ఈరోజు పన్నెండుకు ముందే పోతుంది. అది తప్పితే మళ్ళీ సోమవారమే. అందుకని పొద్దుటి పనులు తొందరగా తెముల్చుకుని కూర్చున్నాను. వానకు మోకాలు వాచింది. కూర్చునే పనైతే దానికీ సుఖమే.

పన్నెండు గంటల పేలుడుకు రిజిస్టర్ కూడా పొద్దున్నే రాసేశాను. పదకొండు నలభైకి హద్దు చుట్టూ తిరిగాను, లోపల ఎవరూ లేరు అని సంతకం పెట్టి పేలుడు మేస్త్రీకి పంపించేశాను. వానలో తీసుకుని తిరిగితే సిరా అలుక్కుపోతోంది. పోయిన వారం రెండు పేజీలు పాడయ్యాయి. ఎలాగూ తిరగక మానను కదా.

ఇక కొండ సంగతి. పిల్లలకు ముందుగా ఇది చెప్పు. అది మోషే గొర్రెలు కాచుకున్న కొండే. హోరేబు అన్నా సీనాయి అన్నా ఒకటేనంటారు. మండుతూ కూడా కాలిపోని పొదను చూసింది అక్కడ. చెప్పులు విప్పమన్న మాట వినిపించింది అక్కడ. ఆ ముందు రోజు వరకు అదే నేల మీద చెప్పులతోనే తిరిగి ఉంటాడు. రాయి మారలేదు, మట్టి మారలేదు. మాట వినిపించిన చోటు కాబట్టి పవిత్రమైంది.

తర్వాత జనాన్నంతా బానిసత్వం నుంచి విడిపించి అదే కొండ కిందికి తీసుకొచ్చాడు. బట్టలు ఉతుక్కుని సిద్ధపడమన్నాడు. కొండ చుట్టూ హద్దు పెట్టాడు. మనిషైనా పశువైనా ముట్టుకుంటే చావే. మూడో రోజు ఉరుములు, మెరుపులు, కొలిమిలో లేచినట్టు పొగ, కొండంతా వణుకు. మా పేలుడు చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ముట్టుకుంటే చంపేసే దేవుడేంటి అని పిల్లలు అడుగుతారు. చిన్నప్పుడు నువ్వూ అడిగావు. తెలియక నీ నెత్తిన మొట్టాను. ఇరవై ఏళ్ళు క్వారీలో హద్దు తాడు కట్టాక ఇప్పుడు చెప్పగలను. హద్దు కొండ కోసం కాదు, మనిషి కోసం. ఎవడైనా లోపల పోతే ముందు నిలదీయాల్సింది పోయినవాడిని కాదు, తాడు కట్టినవాడిని. చెప్పావా, చూశావా అని. ఇంకొకటి జనం మరిచిపోతారు. బూర దీర్ఘంగా ఊదినప్పుడు కొండ దగ్గరికి రావచ్చని కూడా అక్కడే ఉంది. మాకూ అంతే. సైరన్ మూడు పొట్టి కూతలకు దూరం పోవాలి, ఒక పొడుగు కూతకు ఎక్కాలి. హద్దు ఎల్లకాలం ఉండేది కాదు.

ఏలీయా ప్రవక్త ప్రాణం విసిగి వచ్చి కూర్చున్న గుహ కూడా ఈ కొండలోనిదే. మా బావకూ, అదే మీ ఆయనకూ, ఒక గుహ ఉంది. పడమటి వైపు గోతిలో, తను డ్రిల్లింగ్ చేసే చోటికి పది అడుగులు. తిని అక్కడే నడుం వాలుస్తాడు. రోజూ తిరిగేటప్పుడు గులకరాయి వేసి లేపుతాను. నిన్న, "మోషేగారు వచ్చారా, ఆజ్ఞల పలకలు ఏవీ?" అన్నాడు. "పలకలు కాదు, నీ పళ్ళు రాలగొట్టే రాయి తెచ్చాను, లేచి రా బావా" అన్నాను.

మోషేను రెండోసారి కిందికి దింపిన సంగతి అన్నిటికన్నా ముఖ్యం. అది రాయాలి కానీ లారీవాడు హారన్ కొడుతున్నాడు. పదకొండు నలభై దాటింది. ఇది అతని చేతికిచ్చి తిరగడానికి పోతాను.

అన్నయ్య


దర్జీ షాపు పై గది
ఏప్రిల్ 20

అన్నయ్యా,

నన్ను బస్సెక్కించి ముప్పై ఎనిమిది రోజులయింది. కాజాలు కుట్టేదాన్ని, లెక్క తప్పను. ఇన్ని రోజుల్లో నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. రోజూ వాన పడిందా ఎండ కాసిందా అని కూడా రాసి పెట్టుకునే మనిషివి, నాకు రాయడానికి కాగితం దొరకలేదా?

కంపెనీ నుంచి కాగితం వచ్చింది. మీ బావ సైరన్ విని కూడా హద్దు దాటి లోపలికి వెళ్ళాడట. తన తప్పువల్లే పేలుడులో పోయాడట. అందుకని గేటు దగ్గర పనిలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాతి మీద ఆయన పేరు ఉండదట. ఆ రాతికి రంధ్రాలు వేసింది ఆయనే, గుర్తుందా? "నా చేత్తో పాతిన రాయి, నా పేరు మాత్రం దీని మీద ఎక్కకూడదు" అని నవ్వాడు. ఎక్కలేదు.

మన సంఘపెద్ద పరామర్శకు వచ్చాడు. కుర్చీలో కూర్చుని, నీళ్ళు తాగి, మెల్లగా మొదలుపెట్టాడు. "కొండకు హద్దు పెట్టినప్పుడు దాటినవాడి గతి ఏంటో లేఖనంలోనే ఉందమ్మా. మనం బాధపడకూడదు, లోబడాలి."

"మీరా కొండ ఎక్కి చూశారా అండీ?" అన్నాను.

"నాకు మోకాళ్ళ నొప్పులమ్మా" అన్నాడు పాపం, నిజంగానే అడిగాననుకుని.

పాప తలుపు పక్కనే ఉంది. ఆయన వెళ్ళాక, "నాన్న ముట్టుకోకూడని కొండ ముట్టుకున్నాడా?" అంది. పదేళ్ళ పిల్లకు నేనేం చెప్పను? నువ్వే చెప్పు. మీ బావ సైరన్ విన్నాడా? విని ఎందుకు వెళ్ళాడు? ఆ రోజు హద్దు చుట్టూ తిరిగింది నువ్వు. నువ్వు చూసింది నాకు కావాలి.

ఇంకో మాట. మట్టి చేసి వచ్చేసరికి నీ ఉత్తరం గడప లోపల పడి ఉంది. పన్నెండో తారీకు ముద్ర. ఇంతవరకు విప్పలేదు. ఆయన బతికి ఉండగా రాసింది. విప్పితే ఆ రోజు కూడా అయిపోతుందనిపిస్తోంది.

చెల్లి


హద్దు గుడిసె
మే 4. ఎండ. కొత్త తాడు వచ్చింది, నలభై బారలు. ముడులు వేశాను.

చెల్లెమ్మకు,

రాయనందుకు తప్పు నాదే.

సైరన్ మూడుసార్లు మోగింది. పనివాళ్ళందరూ విన్నారు. రిజిస్టర్‌లో రాసింది రాసినట్టే ఉంది, కంపెనీ దాన్ని బీరువాలో పెట్టింది. జూలై ఇరవై మూడున విచారణ అధికారి వస్తాడట. ఆయన సంతకం పెడితే ఫైలు మూసేస్తారు. ఆ తర్వాత ఎవరూ దేన్నీ మార్చలేరు.

పాపతో, దేవుడు చిన్నపిల్లల నాన్నలను అలా చూడడని చెప్పు.

బావ పెట్టె లారీలో పంపుతున్నాను. చొక్కాలు మూడు, రంపం, అద్దం, నీ ఉత్తరాల కట్ట. అడుగున ఏముందో చూడలేదు.

ఆ పాత ఉత్తరం విప్పకు. అందులో ఏమీ లేదు, పాఠం ముక్కలే. ఇప్పుడు వాటితో పనేముంది. కుదిరితే తిరిగి పంపించు.

అన్నయ్య


దర్జీ షాపు పై గది
జూన్ 8

అన్నయ్యా,

పెట్టె అందింది. అడుగున నువ్వు చూడనిది నేను చూశాను. చెవుల డాక్టర్ కాగితం. నాలుగేళ్ళ కిందటిది. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి పోతోంది, డ్రిల్లింగ్ పని మానుకోవాలి అని ఉంది. ఎనిమిది మడతలు పెట్టి రంపం కింద దాచాడు.

నేనెంత మొద్దుదాన్ని, అన్నయ్యా. సెలవుకు వచ్చినప్పుడు నేను మిషను తొక్కుతుంటే బల్ల మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. ముద్దుకనుకున్నాను. మిషను ఆడుతోందో ఆగిందో చేత్తో తెలుసుకుంటున్నాడు. పాప ఏదైనా చెబితే గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకునేవాడు. "మీకు వినపడదేంటి?" అని నేను విసుక్కుంటే, "నీ మాట వినపడకపోతే నా అదృష్టం కాదూ" అనేవాడు. నవ్వి ఊరుకున్నాను.

నీకు తెలుసా? ఒకే వంటగదిలో ఆరేళ్ళు తిన్నారు. తెలియకుండా ఉంటుందా? తెలిసుంటే, సైరన్ అందరూ విన్నారని నాకు ఎలా రాశావు? అందరిలో ఆయన లేడు కదా.

ఇంకొకటి అర్థం కావడం లేదు. రాసింది రాసినట్టే ఉంది అన్నావు. చూసింది చూసినట్టు చెప్పమని కదా నేనడిగింది.

మార్చిలో ఆగిపోయిన ఆ పాఠం ఈ ఆదివారం చెబుతున్నాను. "వేరే ఎవరికైనా ఇద్దాంలే, నీకు కష్టం" అంటున్నారు. నా మొగుడి పేరు ఎత్తకుండా ఆ కొండ గురించి ఇంకెవరో చెబితే అది ఎక్కువ కష్టం అన్నాను. నీ ఉత్తరం విప్పి చదువుకుని చెబుతాను. తిరిగి పంపమన్నావు కానీ పంపను. పాఠం ముక్కలే అన్నావు కదా, పాఠానికే వాడతాను.

చెల్లి


హద్దు గుడిసె
జూన్ 12. మబ్బు, గాలి. కొయ్యలకు తారు పూశాను, సగమే అయింది.

చెల్లెమ్మకు,

ఇది ఆదివారం లోపు అందదని తెలుసు. అయినా రాస్తున్నాను.

బావకు వినపడదని నాకు తెలుసు. మూడేళ్ళుగా తెలుసు. కంపెనీకి తెలిస్తే పనిలోంచి తీసేస్తారు, నీకు తెలిస్తే నువ్వు తీసేయిస్తావు, ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను ఒప్పుకున్నాను. సైరన్ సంగతేంటి అని అడిగాను. "నువ్వున్నావుగా బావా. నా సైరన్‌వి నువ్వే" అన్నాడు.

అప్పటి నుంచి మా పద్ధతి అదే. హద్దు చుట్టూ తిరిగేటప్పుడు పడమటి గోతి దగ్గర ఆగి గులకరాయి లోపలికి వేస్తాను. అది కాలికి తగలగానే లేచి వస్తాడు. ఆలస్యమైతే బయటికి రాడు. నేను రాలేదంటే ఇంకా వేళ కాలేదని అర్థం అతనికి. ఎండలో, వానలో, నాకు జ్వరం వచ్చిన రోజున కూడా వెళ్ళి వేశాను. మూడేళ్ళలో ఒక్క రోజు తప్పలేదు.

కాబట్టి అతను లోపలికి దూరలేదు. పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాడు. హద్దు దాటడమంటే బయటివాడు లోపలికి పోవడం. సంఘపెద్దకు ఈ మాట చెప్పు.

ఇంతకన్నా ఈరోజు రాయలేను.

అన్నయ్య


దర్జీ షాపు పై గది
జూలై 6

అన్నయ్యా,

నీ మార్చి ఉత్తరం చదివాను. చదివి మూడు వారాలయింది. రోజుకు అరవై కాజాలు కుట్టేదాన్ని, ఈ వారాల్లో ఇరవై కూడా కుట్టలేదు. షాపు యజమాని, "చేతికేమైంది?" అంటే, "ఏం కాలేదు, మా అన్నయ్య ఉత్తరం వచ్చింది" అన్నాను.

పాఠం బాగా రాశావు. చెప్పులు విప్పిన సంగతి పిల్లలకు నచ్చింది. ఒకడు వెంటనే విప్పేశాడు. నువ్వు వేళ లేక వదిలేసిన ముక్క నేనే వెతుక్కుని చదివాను. మోషే కొండపైకి ఎక్కాక దేవుడు మళ్ళీ కిందికి దిగమంటాడు. జనాన్ని ఇంకోసారి హెచ్చరించమంటాడు. మోషే ఏమంటాడో నీకు నాకన్నా బాగా తెలుసు. హద్దు పెట్టేశాం కదా, వాళ్ళు రారు అంటాడు. ఆ ముసలివాడు కొండంతా ఎక్కి వచ్చాడు, అలసిపోయి ఉంటాడు. అయినా దిగమనే అన్నాడు. హద్దు పెట్టామన్న మాట చాల్లేదు.

అది అన్నిటికన్నా ముఖ్యం అని నువ్వే రాశావు. రాస్తూ కూర్చున్నావు. బయట బావ గుహలో ఉన్నాడు. రిజిస్టర్ మేస్త్రీ దగ్గర ఉంది.

నిన్ను తిట్టడానికి చాలా మాటలు పోగుచేసుకున్నాను. ఒక్కటీ కాగితం మీదికి రావడం లేదు. అమ్మానాన్నా పోయాక నన్ను పెంచింది నువ్వు. మందుగుండు పెట్టెల మీద రాతలు చూసి అక్షరాలు నేర్చుకుని, అవే నాకు నేర్పావు. ఆ అక్షరాలతోనే నాలుగు ముక్కలు రాసి పంపు, గురువారం లారీకే వెయ్యి అని నీకు రాసింది నేను. అది మరిచిపోలేకపోతున్నాను. నేను అడగకపోతే నువ్వు ఆ వేళకు తాడు దగ్గర ఉండేవాడివి. ఈ బరువు నీకివ్వను, నీది నాకివ్వకు. ఎవరిది వాళ్ళం మోద్దాం.

ఆ ఉత్తరం ఈ కవరులో పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. నకలు తీసుకోలేదు. దాన్ని పొయ్యిలో పెట్టినా నేను ఎవరికీ చెప్పను. నువ్వు ఆ పని పోగొట్టుకుంటే, జైలుకు పోతే, నాకు ఈ లోకంలో మిగిలే మనిషి ఎవరో కూడా నాకు తెలుసు.

కానీ పాపకు మాత్రం నేను ఇంకా జవాబు చెప్పలేదు. నీ కోసం ఆపి ఉంచాను.

చెల్లి


హద్దు గుడిసె
జూలై 23, గురువారం. పొద్దున వాన, ఇప్పుడు తెరిపి ఇచ్చింది. తాడు విప్పి మళ్ళీ కట్టాను. మూడు జెండాలు మార్చాను.

చెల్లెమ్మకు,

నీ కవరు పదో తారీకునే అందింది. పదమూడు రోజులు బియ్యం డబ్బాలో ఉంది. రెండుసార్లు పొయ్యి దాకా తీసుకెళ్ళాను. ఇది నీకు తెలియాలి.

ఆ రోజు జరిగింది రాస్తాను. అధికారికి ఇవ్వబోయే కాగితంలోనూ ఇదే రాశాను. లారీవాడి చేతిలో ఉత్తరం పెట్టాను. "ఏంటండీ ఇంత బరువు, కొండ పంపిస్తున్నారా?" అన్నాడు. నేను నవ్వాను. అప్పుడే మొదటి కూత వచ్చింది. మబ్బు దట్టంగా కమ్ముతోంది, మందుగుండు తడుస్తుందని మేస్త్రీ పేలుడును పది నిమిషాలు ముందుకు జరిపాడు. అతని తప్పు లేదు. లోపల ఎవరూ లేరని నా సంతకం అతని దగ్గర ఉంది.

పరిగెత్తాను. వాచిన మోకాలు వంగలేదు. అరిచాను. ఎవరికి అరుస్తున్నానో అరిచాక గుర్తొచ్చింది. దారిలో గులకరాయి ఏరుకున్నాను. నేను గోతికి ఇవతలి దొంతర రాళ్ళ దాకా వచ్చేసరికి మూడో కూత అయిపోయింది. రాయి చేతిలోనే ఉండిపోయింది.

తర్వాత మేస్త్రీ, "తిరిగినప్పుడు మీ బావగారు కనపడలేదా?" అన్నాడు. "కనపడలేదు" అన్నాను. అది అబద్ధం కాదు. అంతకన్నా చెడ్డది. నాలుగు నెలలు ఆ మాట చాటున బతికాను.

నిన్న బావ గుహలోకి పోయాను. సగం కూలింది, ఒక మనిషి కూర్చునే చోటు మిగిలింది. ఆ కొండ గురించి నాకు తెలుసనుకున్నదంతా అక్కడ కూర్చుని మళ్ళీ తలచుకున్నాను. గాలి, కంపం, మంట అన్నీ అయ్యాక ఏలీయాకు చిన్న స్వరం ఒకటి వినిపించింది. దాని కోసం చాలాసేపు కూర్చున్నాను. నీళ్ళు కారుతున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఏలీయాను అడిగిన మాట మాత్రం గుర్తుంది. ఇక్కడేం చేస్తున్నావు అని. ఆ మాట నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అధికారి మూడు గంటలకు వస్తాడు. నా కాగితం, మార్చి ఉత్తరం, చెవుల డాక్టర్ సంగతి ఉన్న నీ జూన్ ఉత్తరం, మూడూ బల్ల మీద పెట్టి రాయి బరువు పెట్టాను. తర్వాత ఏం చేస్తారో తెలియదు. రేపటి నుంచి ఈ గుడిసెలో వేరే మనిషి ఉంటాడు. రాతి మీద పేరు చెక్కుతారో లేదో నా చేతిలో లేదు. బావ తప్పు అన్న మాట మాత్రం చెరిపేయక తప్పదు వాళ్ళకు.

పాపకు ఇలా చెప్పు. నాన్న ముట్టుకోకూడనిది ముట్టుకోలేదు. మామయ్య వచ్చి పిలుస్తాడని కూర్చున్నాడు. మామయ్య రాలేదు. ఈ మాట మామయ్యే చెప్పమన్నాడని చెప్పు. పెద్దయ్యాక నన్ను అడగాలనుకుంటే అడగనివ్వు. నేను ఎక్కడుంటే అక్కడికి వచ్చి అడగనివ్వు.

ఇందాక మేస్త్రీ గుమ్మంలోకి వచ్చాడు.

"రిజిస్టర్ ఇంకా రాలేదేంటండీ?"

"తిరిగొచ్చాక రాస్తాను."

"వానొస్తే?"

"తడుస్తుంది."

అతను నా మొహం చూసి వెళ్ళిపోయాడు. ఈరోజు గడి ఖాళీగా ఉంది. రిజిస్టర్‌కు కట్టిన కలం మూత కూడా తీయలేదు.

లారీ వచ్చి గేటు దగ్గర ఆగింది. హారన్ కొడుతున్నాడు. ఈ ఉత్తరం సోమవారం లారీకి వెళ్తుంది, ఎవరో ఒకరు వేస్తారు. పదకొండు ఇరవై. గోతి దగ్గర కొత్త డ్రిల్లర్ ఉన్నాడు. అతనికి చెవులు బాగానే ఉన్నాయి. అయినా వెళ్ళి ఎదురుగా నిలబడి చెప్పాలి. పడమటి వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క కొయ్య దగ్గర ఆగి...